బొటనవేలిని కాదన్న మిషన్

నేను ఒక వేలిముద్రల మిషన్‌ని. రేషన్ షాపు బల్ల మీద ఆరేళ్లు కూర్చున్నాను. ఎక్కడో చల్లటి ఫ్యాక్టరీలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు నా లోపలి బోర్డుల అంచులకు బంగారు పూత పూశారు. బియ్యానికొచ్చిన వాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. నా పని ఒక్కటే, వేలు చూసి ఈ మనిషి ఈ మనిషేనా కాదా చెప్పడం. ఊరంతా ఎరిగిన మనిషి ఎదురుగా నిలబడ్డా సరే, నేను ఊఁ అనాల్సిందే. మనుషులు తమ కళ్లను అంతగా నమ్మరు మరి.

ఒకరోజు మణెమ్మ బొటనవేలు పెట్టింది. గీతల్లేవు. కాదన్నాను.

"చెయ్యి కడుక్కొని రా పో," అన్నాడు డీలరు.

"ఎన్నిసార్లు కడగాలె అన్నా? పదేండ్ల సంది చూస్తున్నవ్. నేను మణెమ్మను కానా?"

"నాకెరుకే అక్కా. మిషన్‌కు ఎరుక లేదు."

కార్డులో ఉన్నది ఆమె ఒక్కతే. మూడు నెలలు ఖాళీ సంచితో పోయింది. నేను అబద్ధం చెప్పలేదు. ఆ వేలికి ముద్ర లేదు, అంతే. ఎందుకు లేదో అడిగే మీట నాకెవరూ పెట్టలేదు.

తర్వాత కన్ను చూసి బియ్యమిచ్చే కొత్త మిషన్ వచ్చింది. నన్ను గోనెసంచిలో వేశారు. చేతులు మారి ఊరవతల రేకుల షెడ్డుకు చేరాను. అక్కడ పాత ఫోన్లూ కంప్యూటర్లూ విప్పి, బోర్డుల్ని తేజాబులో ఉడకబెడతారు. ఆ యాసిడ్‌లో రాగి కరిగిపోతుంది, బంగారం పొట్టులా తేలుతుంది. ఆ పొట్టు ఏరే మనిషి మణెమ్మే!

ఆమె అత్తింటివాళ్లు కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి, నీళ్లలో కడిగి రవ్వలు ఏరినవాళ్లు. వేలికి తగిలితేనే బంగారమని నమ్మే రకం. తొడుగేస్తే వేలు గుడ్డిదవుతుందని ఇక్కడా వట్టి చేతులే ముంచింది. నీళ్లు వేరు, వేలి గీతల్ని తినేసే తేజాబు వేరు. షెడ్డు నడిపే సేటుకు ఆ తేడా తెలుసు. చెప్పలేదు.

నా మూత మీద షాపు నంబరు చూసి మణెమ్మ ఆగింది. "అగో, నువ్వా! నా నోటికాడి బువ్వ గుంజుకున్నది నువ్వే గదా."

పక్కన పనిచేసే నర్సవ్వ నవ్వింది. "ఇగ దాని బొక్కలిరువు. కసి తీరుతది."

మణెమ్మ నన్ను విప్పి, బోర్డును పటకారుతో పట్టుకుని తొట్టి మీదికి వంగింది. పొగ లేచి కళ్లలో కొట్టింది. కళ్లు నులుముకుంటూ అలాగే నిలబడిపోయింది.

"నర్సవ్వా, ఏలు పోయింది. గిప్పుడు కన్ను జూపెట్టి బియ్యం తెచ్చుకుంటున్న. గిది గూడ పోతే ఏం జూపెట్టాలె?"

నర్సవ్వ తన పటకారు కింద పెట్టింది. మణెమ్మ బోర్డును తొట్టి పక్కన పడేసి సేటు దగ్గరికి నడిచింది.

"కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తే సేటూ. పొగ బయటికి పోను పంకా పెట్టు."

"తొడుగులు వద్దన్నది నువ్వే గదనే!"

"అన్న. తెల్వక అన్న. తెలిసినోనివి నువ్వేం జేసినవ్? అవి వచ్చేదాక తొట్టి ముట్టం."

షెడ్డులో పనిచేసే తొమ్మిదిమంది ఆడవాళ్లూ పని ఆపి గుమ్మంలో కూర్చున్నారు. ఇది మూడో రోజు. పొద్దున సేటు తానే పొయ్యి వెలిగించి, పటకారు పట్టుకుని తొట్టి దాకా వచ్చాడు. పొగకు దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు.

నేను తొట్టి పక్కనే పడి ఉన్నాను. నా బంగారం ఇంకా నా ఒంటి మీదే ఉంది.