అతకని గీత

నవత కంప్యూటర్ తెర మీది డబ్బాను పట్టుకుని పక్కకు జరిపింది. డబ్బా కదిలింది. గీత అక్కడే ఉండిపోయింది.

ఒంట్లోకి దిగిన విషం ఎక్కడెక్కడ తిరిగి ఏం చేస్తుందో చూపించే పటం అది. ఇంటర్నెట్‌లో తెరిచి, నలుగురూ గీసి దిద్దుకునేది. ఒక్కో డబ్బా ఒక పదార్థమో, అవయవమో. గీతంటే ఇది పోయి దాన్ని పట్టుకుంటుందని. ఈ పటం సూరత్ మిల్లుల్లో చీరలకేసే ఓ ఎర్ర రంగుది. ఆఖరి గీత మూత్రాశయానికి పోవాలి. వారం కింద నవతే గీసి అతికించింది.

ఎవడో ఆ గీత కొసను వెంట్రుకవాసి వెనక్కి లాగాడు. కంటికి అంటుకున్నట్టే ఉంది. కంప్యూటర్‌కు కళ్లెక్కడివి? అతికుంటేనే లెక్క. రిపోర్టులో హాని జరిగే అవయవాల జాబితా అదే తీస్తుంది. కాలేయం ఉంది, చర్మం ఉంది. మూత్రాశయం లేదు. మోసం ఎంత చిన్నదో చూడండి.

మార్పుల చిట్టా తెరిచింది. నిన్న సాయంత్రం ఆరున్నర. మార్చినవారు: నవత. ఆ టైముకి తను ఇంటికి పోయే గోడాదరా ఆటోలో ఇరుక్కుని కూర్చుంది. అందరి పాస్‌వర్డ్‌లూ మేనేజర్ కమలాకర్ దగ్గరుంటాయి. ఆయన పెట్టిన రూలే అది.

"కమలాకరన్నా, జర ఇటు రా."

ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. వాళ్ల గల్లీవాడే.

"ఆఫీసుల సార్ అనమన్న గదనే."

"సరే సార్. నా పేరు మీద గీత ఊడబెరికిందెవలు?"

"ఏడ ఊడింది? మంచిగనే కనవడుతుంది గద."

నవత డబ్బా జరిపి చూపించింది. ఆయన గొంతు తగ్గింది.

"రంగు కంపెనోళ్లే మనకు పనిచ్చిండ్రు. అబద్ధమేం రాయలే. చూసేటోళ్లకు గీత కనవడుతది."

"వాళ్లు పటం చూస్తరా? జాబితా చూస్తరు. అండ్ల ఉంటేనే మిల్లోళ్లు కూలోళ్లకు పరీక్షలు చేయిస్తరు. మా నాయిన పన్నెండేండ్ల సంది గా రంగులనే చేతులు వెడుతుండు."

"దశరథం కాకకేమైంది, గుండులెక్కున్నడు. నాలుగింటికి రిపోర్టు పంపాలె, ముట్టకు. ముట్టినవంటే రేపటి సంది రాకు."

ఫోను మోగితే బయటికి పోయాడు.

నవత గీత కొస లాగి అతికించింది. ఎందుకు మార్చారో రాసే చోట అందరూ 'చిన్న సవరణ' అని కొట్టి వదిలేస్తారు. తను మాత్రం, 'నిన్న నా పేరుతో దీన్ని విడదీసింది కమలాకర్. మళ్లీ అతికించింది నేను' అని రాసింది. సేవ్ నొక్కి, జాబితా మళ్లీ తీసి, రిపోర్టు తనే పంపేసింది. ఉద్యోగం పోయిందని తెలుసు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

సగం మెట్ల మీద ఆగి ఫోన్ చేసింది.

"నాయినా, ఒంటికి పోతే మూత్రంల నెత్తురు గిట్ల పడుతుందా నీకు?"

అవతల మిల్లు చప్పుడు. ఆ చప్పుడు సన్నబడింది, దశరథం పక్కకు జరిగినట్టున్నాడు.

"నీకెవలు చెప్పిండ్రే?" అన్నాడు.