గుర్రాలవాగు మీద నీడ తొవ్వ

పొద్దున నల్ల వచ్చిందంటే గుర్రాలవాగు ఒడ్డు వాడలో ముందుగా వినబడేది నీళ్ల చప్పుడు కాదు, ఐలవ్వ గొంతు.

"ఏ పిల్లా, నీ బిందె జరుపు. నాది ముందు వెట్టిన."

"నువ్వు వెట్టింది బిందె గాదవ్వా, పలిగిన డబ్బ. డబ్బకు గూడ వరుస ఉంటదా?"

"ఎందుకుండదు? నీకన్న పెద్దది గది, వయసుల."

కొమురవెల్లి మల్లన్నకు ఒక దండం, వింటున్న మీకు ఒక దండం పెట్టి చెబుతున్నాను, ఈ కొట్లాట వినకుండా ఆ వాడలో ఎవరింట్లోనూ చాయ్ పొంగేది కాదు. డబ్బా పెట్టిన ఐలవ్వ కల్లు గీసే ఇంటి పెద్దది. ఆమెకు కొడుకు, కోడలు, ఎవరికీ లొంగని నాలుక ఉన్నాయి. బిందె పెట్టిన ఉమారాణి ఆ పక్క గదిలో కిరాయికి ఉంటుంది. వాగు అవతలి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది.

ఉమారాణిది రాయపోల్. పెనిమిటి పోయాక అన్న ఇంట్లో ఉంది. అన్న చెడ్డవాడని కాదు. కానీ ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. "ఏయ్, బర్రెకు గడ్డెయ్యి", "ఏయ్, గా గిన్నె తే", అంతే. బడిలో వంట పని దొరకగానే ఒక పెట్టె, ఒక పొయ్యి పట్టుకొని సిద్దిపేటకు వచ్చేసింది. బడిలో పిల్లలు "ఉమక్కా, ఇంకింత పప్పు" అని అరిచిన మొదటి రోజు ఆమె గంటె పట్టుకొని కాసేపు అట్లాగే నిలబడిపోయిందట.

ఇట్లా ఉండగా వాగు మీది వంతెనకు కాలం తీరింది. అది నిజాం నాటి రాతి వంతెన. జాతర రోజుల్లో మల్లన్న దగ్గరికి పోయే బండ్లను మోసి మోసి దాని నడుం వంగింది. కొత్తది కట్టాలన్నారు. పెద్ద మిషన్లు వచ్చి రాయి మీద రాయి లేకుండా తీసేశాయి. వాగులో పునాదులకు గుంతలు తవ్వారు. ఇక దిగి దాటడానికి లేదు. బైపాసు మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే.

మర్నాడు పొద్దు పొడిచాక చూస్తే వంతెన లేదు గానీ, దాని నీడ ఉంది. కమానులతో సహా, ఎప్పటిలాగే నీళ్ల మీద పడమటి దిక్కుకు పడి ఉంది.

ఇంటి పెద్దాయన పోయినా కొన్నాళ్లు ఆయన దగ్గు వినబడుతుంది కదా, అట్లా అనుకున్నారు అందరూ. పాలాయన ముందుగా క్యాన్లు పట్టుకొని నీడ మీద నడిచి పోయాడు. ఆయన వెనక కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు పోయారు.

ఈ వంతెన పని మూలంగా జనానికి ఇబ్బంది లేకుండా చూసే బాధ్యత భవానిది. కొత్తగా వచ్చిన వార్డు ఆఫీసరు. ఆమె ఒడ్డున ఫ్లెక్సీ కట్టించింది. 'నీడపై ద్విచక్ర వాహనములు నడపరాదు. మబ్బు పట్టిన రోజున బైపాసు మార్గమున వెళ్లగలరు.'

కానీ ఆ నీడకు ఒక పట్టింపు ఉండేది. మన దగ్గర గడప దాటేటప్పుడు ఎవరూ "పోతున్న" అనరు. ఆ మాట కాటికి పోయేవాళ్లది. "పోయొస్త" అంటారు. ఇంట్లోవాళ్లు "పొయ్యిరా" అంటారు. ఆ రెండో మాట అందుకొని బయల్దేరిన వాళ్లనే నీడ మోసేది. ఆటో దేవరాజు ఇంట్లో అలిగి, చెప్పకుండా వచ్చి నీడ ఎక్కాడు. నాలుగు అడుగులకే మోకాళ్ల దాకా దిగబడ్డాడు. అతని భార్య శ్వేత ఒడ్డున నిలబడి కడుపు పట్టుకొని నవ్వింది.

"అనవే తల్లీ, గా మాట అను! ప్యాంటు తడుస్తున్నది!"

"పొయ్యిరా, సచ్చినోడా!"

నీడ అతన్ని పైకి లేపింది. ఇంటికి తిరిగొచ్చే వాళ్లను మాత్రం అది ఏమీ అడిగేది కాదు. ఇంటికొచ్చే వాళ్లను అడగడానికి ఏముంటుంది?

ఇప్పుడు చెప్పండి, ఉమారాణికి ఆ మాట ఎవరు చెప్పాలి? గదికి తాళం వేస్తూ ఆమె "పోయొస్త" అనేది. తాళం ఏమంటుంది?

మొదటి రోజు ఆమె మోకాళ్ల దాకా తడిసి వెనక్కి వచ్చింది. చుట్టు తొవ్వన ఆటో నిండి కదిలేసరికి బడిలో అన్నం ఆలస్యమైంది. రెండో రోజూ అంతే. పెద్ద మేడం ప్రమీలాదేవి మంచి మనిషే, కానీ పిల్లలు కంచాలు పట్టుకొని నిలబడితే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

"ఉమా, నీ చేతి రుచి నాకు తెలుసు. కానీ ఆకలి ఆగదు కదమ్మా. రేపు కూడా ఆలస్యమైతే ఇంకొకర్ని చూసుకోవాలి."

సంగతి విన్న భవాని మైకు తెప్పించింది. ఒంటరి వాళ్ల కోసం తన గొంతుతోనే రికార్డు చేసి ఒడ్డున మోగించింది. "ప్రియమైన పౌరులారా, క్షేమంగా వెళ్లి రండి. ప్రియమైన పౌరులారా..."

సాయంత్రం పూట అది నమ్మి నీడ ఎక్కిన ఒక హాస్టల్ పిల్లగాడు చెప్పులు పోగొట్టుకున్నాడు.

దేవరాజు అన్నాడు, "మేడం, నీడ మనూరిది. గా బుక్కుల తెలుగు దానికి తెల్వది."

భవాని మైకు ఆపి, స్వయంగా ఉమారాణి చెయ్యి పట్టుకొని "పొయ్యిరా అక్కా" అంది. నీడ రెండడుగులు మోసింది, మళ్లీ దించింది. ఉమారాణి చీర పిండుకుంటూ నవ్వింది. "మీరు మంచోల్లు మేడం. కానీ మీ డ్యూటీ అయిపోతే మీరు ఇంటికి పోతరు గద. నేనొచ్చిన్నా లేదా అని మీరెందుకు సూస్తరు? గది దానికి తెలుస్తున్నది."

భవాని మైకు తీగ చుట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఉమారాణి నల్ల దగ్గర ఐలవ్వతో చెప్పింది. "ఇగ సంబురవడు అవ్వా. రేపు పని పోతది. గది ఖాళీ చేసి మా అన్న ఇంటికి పోత. నల్ల మొత్తం నీదే."

"పో పో. పీడ పాయె," అంది ఐలవ్వ.

తెల్లారింది. నల్ల వచ్చింది. ఐలవ్వ డబ్బా ముందు పెట్టింది. పక్కన బిందె లేదు. "ఎవలన్నా ఉన్నరా, నాది ముందు!" అని అరిచింది. ఎవరూ తగువుకు రాలేదు. కోడలు రోజారాణి మాత్రం కిటికీలోంచి "నీదే అత్తమ్మా, నింపుకో" అంది మర్యాదగా. ఆ మర్యాద ఐలవ్వకు చేదుగా తగిలింది. డబ్బా నిండింది. పొర్లింది. నీళ్లు ఆమె కాళ్ల మీదుగా వాకిట్లోకి పోతూనే ఉన్నాయి. చూస్తూ నిలబడింది.

తర్వాత నల్ల కూడా కట్టెయ్యకుండా వాగు దిక్కు నడిచింది.

ఒడ్డున ఉమారాణి చెప్పులు చేతిలో పట్టుకొని నీడ వంక చూస్తోంది. భవాని పక్కనే ఉంది. ఇంకెవరితోనైనా చెప్పిద్దామా అని ఆలోచిస్తోంది. జనం కూడా ఆగారు. ఆఖరి రోజని అందరికీ తెలుసు.

"ఏ పిల్లా!"

ఉమారాణి తిరిగి చూసింది.

"ఏందీ ఏషాలు? పొద్దుగాల బిందె తేకపోతివి. పోయేది పోయినవు, నాతోని కొట్లాడకుండ ఎట్ల పోతవ్? నిన్న నా డబ్బను తంతివి, గా లెక్క తేలలే!"

"నేను తన్నలే అవ్వా. నువ్వే బోర్లేసుకున్నవ్."

"అబద్ధం! మల్లన్న సాచ్చిగ తన్నినవ్. మాపటికి వస్తవు గద, అప్పుడు తేలుస్త. అన్న ఇంటికి పోతదట, అన్న ఇంటికి! గాడ నీతోని మాట్లాడేటోడు ఉన్నడా? నేనెవలితోని మాట్లాడాలె?" ఐలవ్వ ఇంకా గట్టిగా అరిచింది. "ఏం సూస్తున్నవ్? పో! పొయ్యి జెల్ది రా!"

ఉమారాణి పెదవి కొరుక్కొని, "పోయొస్త అవ్వా" అంది మెల్లగా. నీడ మీద కాలు పెట్టింది.

ఒక అడుగు. రెండు. మునుపు దిగబడ్డ చోటు దాటింది. పాత గచ్చు మీద నడిచినట్టు అరికాళ్లకు చల్లగా, గరుకుగా తగిలింది. వాగు మధ్యకు పోయాక వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే ఏడుపు వస్తుందని చూడలేదు. అవతలి ఒడ్డు ఎక్కి, చెప్పులు వేసుకొని, బడి దిక్కు పరుగెత్తింది.

ఆ రోజు పిల్లలకు అన్నం గంట కొట్టకముందే తయారైంది. పప్పులో ఉప్పు కొంచెం ఎక్కువైందని అన్నారు. ప్రమీలాదేవి రెండుసార్లు వడ్డించుకొని తింది, ఇంకొకరిని వెతికే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇవతలి ఒడ్డున జనం ఎవరి పనికి వాళ్లు పోయారు. ఐలవ్వ మాత్రం ఒక రాయి చూసుకొని కూచుంది.

"ఎవలి కోసం కూసున్నవ్ అవ్వా?" అడిగింది భవాని.

"ఎవలి కోసం లే. కాళ్లు గుంజుతున్నయ్."

మధ్యాహ్నం నీడ సన్నబడింది. రోజారాణి వచ్చి సద్ది ఇచ్చి పోయింది. పొద్దు వాలాక నీడ తూర్పు దిక్కుకు తిరిగింది. ఐలవ్వ లేచి, చీర దులుపుకొని, అటు పక్క రాయి మీదికి మారి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని బడి తొవ్వ వైపు చూస్తూ మళ్లీ కూచుంది.