మహేంద్రగఢ్ దిబ్బ మీది మొక్క

1996 మే నెల. చేతిలో ఫోటో పట్టుకుని సుభాషిణి ప్రొఫెసర్ రామమోహనరావు గది బయట తచ్చాడుతోంది. అనంతపురం నుంచి ఢిల్లీకి పరిశోధనకు వచ్చాక ఆయన మాటకు ఎదురు చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఇప్పుడొచ్చింది, ఒక పువ్వు వల్ల. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ఒకే ఒక్క ఇసుక దిబ్బ మీద పూసే చిన్న పసుపు పువ్వది. మరెక్కడా లేదని చాలా ఏళ్ళ కిందట ఆయనే రాశారు. కిందటి చలికాలంలో స్నేహితురాలి పెళ్ళికి హర్యానాలోని మహేంద్రగఢ్ వెళ్ళిన సుభాషిణి, ఊరి బయట దిబ్బ మీద అలాంటి మొక్కలే చూసింది. పువ్వులు లేవు, ఆకులు కాస్త సన్నం. ఆకు తెచ్చి చూపిస్తే ఆయన, "ఇది దాని చుట్టంలే, అంతటా ఉండేదే" అనేశారు.

మనసు ఊరుకోక ఆ ఆకుల్లోంచి, ల్యాబులో ఉన్న జైసల్మేర్ మొక్క, చుట్టం మొక్క ఆకుల్లోంచి కూడా డి.ఎన్.ఎ. తీసింది. దాన్ని జెల్ అనే జిగురు పలకలో కరెంటు పెట్టి నడిపిస్తే ఒక్కో మొక్కదీ మెరిసే అడ్డగీతల వరుసగా కనిపిస్తుంది. మహేంద్రగఢ్ మొక్క గీతలు దాదాపు జైసల్మేర్ వాటిలాగే ఉన్నాయి. చుట్టం మొక్క గీతలు పూర్తిగా వేరు. ట్యూబులు తారుమారు చేశానేమోనని అనుమానపడింది. మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, కొత్త ఆకులు తెచ్చి, మొదటినుంచీ చేసింది. మళ్ళీ అదే.

ఇక తప్పదని లోపలికి వెళ్ళింది. "సార్, మీరు రాసింది..." అంటూ ఆ గీతల ఫోటో ఆయన ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశారు. "ఆకు వేయని ట్యూబులో ఏమైనా కనిపించిందా? కల్తీ జరిగుంటే అందులోనూ గీతలొస్తాయి."

"లేదు సార్. ఖాళీగానే ఉండాది." కంగారులో సీమ యాస వచ్చేసింది.

"ఈ రెండు గీతలు మాత్రం తేడాగా ఉన్నాయే?"

"మహేంద్రగఢ్ మొక్కలన్నిట్లోనూ అట్లే ఉన్నాయి సార్. మొన్నెవరో తెచ్చి వేసినవి కావు. శానా కాలంగా ఆడనే పెరుగుతున్నట్టుండాది."

ఆయన కళ్ళజోడు తీశారు. కోప్పడతారని సుభాషిణి తల వంచుకుంది.

"జైసల్మేర్ దిబ్బ దాకా కాలవ నీళ్ళొచ్చాయమ్మాయ్," అన్నారాయన మెల్లగా. "చదును చేసి ఆవాలు వేస్తున్నారు. కిందటేడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మొక్కలు మిగిలాయి. నా కళ్ళముందే పోతుందని నిద్ర పట్టేది కాదు. నేను రాసింది తప్పని ఎంత చల్లని మాట చెప్పావు."

ఆయన లేచి గోడ మీది పటంలో మహేంద్రగఢ్ దగ్గర పెన్సిలుతో సున్నా చుట్టారు. రెండు ఊళ్ళ మధ్య ఖాళీని వేలితో తడిమారు.

"ఈ మధ్యలో ఇంకెక్కడెక్కడ ఉందో. వానలు పడగానే వెతుకుదాం. మహేంద్రగఢ్ బస్సు ఎక్కడ ఎక్కాలి?"

"ధౌలా కువాఁలో సార్."

బయటికొచ్చాక ఆమెకు ఒక్కసారిగా ఆకలేసింది. గేటు దగ్గర బండి మీద సెనగల కూర, రొట్టె కలిపిచ్చే ఛోలే కుల్చే తిని, "భయ్యా, ఔర్ ఏక్ ప్లేట్" అని ఇంకో ప్లేటు చెప్పి, వేపచెట్టు నీడలో తాపీగా కూర్చుంది.