ఎర్రగా మిగిలిన పలక

…నున్నగా రాకూడదు, ఒక్క పలకైనా వంకరగా ఉండాలి, అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకుంది, ఆకాశంలోంచి వచ్చే రేడియో అలలు పట్టే ఈ డిష్ పలకలన్నీ అద్దంలా రావాలని ఇంతకాలం కళ్ళు పొడుచుకుని లెక్కలు కట్టిన మనిషి అనుకోవలసిన మాటేనా ఇది, కిటికీ అవతల ఎండలో ఆ పెద్ద గిన్నె ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది, దాని వెనక, ఫిట్టర్ ఎక్కి పలకల మరలు తిప్పే ఇనుప నిచ్చెన ఖాళీగా ఉంది, పెద్దసారు పొద్దున్నే చెప్పి వెళ్ళారు, ఈసారి కొలిచిన బొమ్మ శుభ్రంగా వస్తే సాయంత్రం బండికి ఫిట్టర్‌ను పంపించేద్దామమ్మా, వేరే ఊళ్ళో ఇంకో డిష్ అతని కోసం కాచుకుని ఉంది, అలాగే సార్ అంది తను, ఎంత తేలిగ్గా అంది, టీ తాగుతావా అంటే చెప్పినట్టు.

ముందు ఆంప్లిట్యూడ్ బొమ్మ వచ్చింది, చిన్న డిష్ ఉపగ్రహం మీంచి చూపు తిప్పకుండా నిలబడితే, పెద్ద డిష్ దాని చుట్టూ వరస వెంట వరస తడుముతూ తిరిగింది, రెండూ విన్నదాన్ని పోల్చి లెక్క తిరగేస్తే డిష్ ముఖమే తెర మీదికి వస్తుంది, ఏ చోట ఎంత బలమో ఈ బొమ్మ చెబుతుంది, నడుమ వెలుగు, అంచులకు పోనుపోను మసక, డిష్ ముందు అలలు అందుకునే పెట్టెను మోసే నాలుగు కాళ్ళ నీడలు, ఇది ఎప్పుడూ బాగానే ఉంటుంది, పైకి చూస్తే తనూ అంతే, నీకేమే, గుండ్రాయిలా ఉన్నావు అంటుంది అక్క ఫోన్ చేసినప్పుడల్లా, అసలు గుట్టంతా ఫేజ్ బొమ్మలో, అల ఎక్కడ వెంట్రుకవాసి ముందొచ్చిందో ఎక్కడ వెనకబడిందో అందులో బయటపడుతుంది, ఉబ్బిన పలక ఎరుపు, కుంగిన పలక నీలం, అది వచ్చేసరికి సగం డిష్ ఎర్రగా సగం నీలంగా ఉంది, ప్రాణం లేచొచ్చింది, ఒక్క క్షణమే, ఇది పలకల వంపు కాదు, కొలిచేటప్పుడు డిష్ గురి రవ్వంత పక్కకు పోయినందుకు పడిన వాలు, దాన్ని తీసేయడం ఒక్క మీట పని, తీయకుండా పెద్దసారుకు చూపిస్తే మళ్ళీ కొలవమంటారు, వారం గడిచిపోతుంది, వారం పాటు కింద చార్టు పట్టుకుని తను ఎడమ పక్కది అంటే పైనుంచి ఫిట్టర్, ఎవరి ఎడమండీ, మీరు ఆకాశంలోంచి చూస్తారు, నేను గబ్బిలంలా వెనక వేలాడతాను, మీ ఎడమ నాకు కుడి మేడంగారూ అంటాడు, భోజనం డబ్బా మూత రాకపోతే తన చేతిలోంచి లాక్కుని మర తిప్పినట్టు తిప్పి, దీనికి మాత్రం లెక్క అక్కర్లేదండి అంటాడు, నలభై దాటాక డబ్బా మూత తలుచుకుంటూ ఇలా కూర్చోవడమేమిటి, వేలు మీట మీదే ఆగింది, కానీ అతను ఎక్కి తిప్పిన మరలన్నీ దండగైపోయినట్టు కనిపిస్తాయే, అతని చేతిపనికి మసి పూసి అతన్ని ఆపుకోవడమా, నొక్కేసింది.

వాలు పోయింది, డిష్ అంతా లేత ఆకుపచ్చగా పరుచుకుంది, చేయి తిరిగినవాడి పని, ఇక సాయంత్రం బండే, అప్పుడు కనపడింది, అంచున ఒకే ఒక్క పలక, పండుమిరపకాయలా, తప్పు తనదే అయ్యుంటుంది, కుడి ఎడమలు తారుమారయ్యాయేమో, అలా అయితే ఎదుటి అంచు పలక కూడా చెడాలి, అది నున్నగానే ఉంది, పాత బొమ్మ తెచ్చి పక్కన పెట్టింది, అప్పుడూ ఇదే పలక ఎర్రగా ఉంది, కాకపోతే ఇందులో సగం, ఇంత దించండి అని తనే చెప్పింది, అంతకు అంతా పైకి లేచింది, ఫోన్ చేసింది, ఫిట్టర్ గారూ, నీళ్ళ ట్యాంకు వైపు అంచు పలక ఎటు తిప్పారండీ, ఎటు తిప్పమన్నారో అటే అనుకుంటా మేడంగారూ, ఎర్రగా వచ్చిందండి, అలాగా, ఎంత ఎర్రగా, రెట్టింపు, అయ్యయ్యో అన్నాడు, ఆ అయ్యయ్యోలో నొచ్చుకోవడం ఇసుమంతైనా లేదు, అయితే సరిచేసి మళ్ళీ కొలవాలి కదండీ, కొలవాలి, మరి మీ బండో, బండి రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, నేనింకా సంచి సర్దనే లేదు లెండి, ఇంతకీ మీరు భోంచేశారా అని అడిగాడు.

ఇంకా లేదు అంది, ఫోన్ పెట్టేశాక కూడా ఆ ఎరుపు మీంచి చూపు మరల్చుకోలేకపోయింది, చేయి జారితే ఎంతో కొంత తేడాగా జారుతుంది, ఇది కొలిచి చేసిన తప్పు, తను చెప్పినంతే, తను చెప్పినదానికి ఎదురు దిక్కుకి, ఇన్ని పలకల్లో పనికి పెద్దగా దెబ్బ తగలని అంచు పలకను, ఒక్క పూటలో దిద్దుకోగలిగినదాన్ని ఎంచుకుని మరీ, ఈ బొమ్మ ముందుగా చూసేది తనేనని తెలిసి మరీ, అతన్ని ఎలా ఆపాలా అని తనిక్కడ ఇంతసేపూ కొట్టుకుంటుంటే, ఆ మనిషి ఎప్పుడో ఆగిపోయాడు.