నోటినిండా మేకులు

గవినో రక్తం కక్కుకుంటూ కిందపడ్డాడు. అయినా కార్ల వరస ఆగలేదు.

డెట్రాయిట్‌లో కారుకు పైకప్పు వేసేవాడి నోరు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, తిండితో కాదు, మేకులతో. చెక్క కమానుల మీద కోళ్ళగూటికి వేసే తీగవల పరిచి, దానిమీద దూది పరిచి, రబ్బరు పూసిన గుడ్డను బిగలాగి అంచు వెంట మేకులు కొట్టాలి. గుడ్డకొక చెయ్యి, సుత్తికొక చెయ్యి. అందుకని గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోదాన్నీ పెదవుల మీదికి తెస్తారు. అయస్కాంతపు సుత్తి దాన్ని అందుకుంటుంది. నోరెత్తలేని పనివాడంటే యజమానికి ఎంత ముద్దో చెప్పాలా?

"గంటకి నాలుగు కాదురా, ఆరు కప్పులు!" అంటూ మేస్త్రీ ప్రాట్ ఆ రోజు గవినో వీపు మీద ఫెడీమని చరిచాడు. నోట్లో మేకులన్నీ గొంతులోకి పోయాయి. అదే కారుకి అవతల పక్క మేకులు కొడుతున్న లుద్విక్ ఒక్కడే అది చూశాడు.

సాయంత్రం ప్రాట్ కాగితం తెచ్చాడు. "నవ్వులాటల్లో మింగాడని రాశాం. చూసినవాడివి నువ్వే. సంతకం పెట్టు."

"వాడు నవ్వలేదు బాబూ."

"అయితే రేపట్నించి గేటు బయట మంచులో నిలబడు. అక్కడ పనికోసం రెండొందలమంది ఉన్నారు, తోడుంటారులే. గోడవతల దబదబా వినబడుతోందా? ఉక్కురేకుని ఒక్క దెబ్బతో కప్పు చేసే యంత్రం. వేసవికల్లా మీ మేకులూ వద్దు, మీరూ వద్దు. రేపు పదింటికి వస్తా."

పెడితే తప్పంతా గవినో నెత్తినే. పెట్టకపోతే తన ఇద్దరు పిల్లల నోట్లో మట్టి.

ఆ రాత్రి లుద్విక్ వంటగదిలో పదిమంది పనివాళ్ళు చేరారు. క్యాబేజీ పులుసు చల్లారిపోయింది. గోడవతల యంత్రం దగ్గర పనిచేసే ఫెరెంత్స్ కూడా వచ్చాడు.

"వీడెందుకు వచ్చాడు? మన కూడు లాక్కునేది వీళ్ళేగా!" అని ఒకడు లేచాడు.

ఫెరెంత్స్ రెండు వేళ్ళు లేని చెయ్యి బల్లమీద పెట్టాడు. "ఇదీ ఆ యంత్రం నాకు పెట్టిన కూడు. తింటావా?"

లేచినవాడు కూలబడ్డాడు. లుద్విక్ భార్య బ్రోన్యా మొగుడి కేసి తిరిగింది. "సంతకం పెట్టి రా. తర్వాత గవినో పెళ్ళాం మొహం ఎట్లా చూస్తావో నేనూ చూస్తా."

"పెట్టను," అన్నాడు లుద్విక్.

పదింటికి లుద్విక్ 'ఆపండి' అని అరవాలి, అందరూ సుత్తులు దించాలి, అదీ నిర్ణయం.

"మీవాళ్ళో?" అనడిగింది బ్రోన్యా.

"అడుగుతానమ్మా. మాటివ్వలేను," అన్నాడు ఫెరెంత్స్.

తెల్లారేసరికి ఆసుపత్రిలో గవినో పోయాడని కబురొచ్చింది.

పది కొట్టింది. ప్రాట్ కాగితంతో ఎదురుగా నిలబడ్డాడు. షెడ్డులో కబురందిన ముప్పైమందీ లుద్విక్ కేసే చూస్తున్నారు. అరవబోయాడు. మాట రాలేదు. పధ్నాలుగేళ్ళ అలవాటు పాడుగాను, ఎప్పటిలాగే చెయ్యి తనంతట తానే నోట్లో మేకులు పోసేసింది!

"నోరు పెగల్లేదా?" ప్రాట్ నవ్వి, కాగితం మేకులుంచుకునే రేకుపళ్ళెం మీద పెట్టి కలం అందించాడు. "సంతకానికి నోరెందుకు, చెయ్యి చాలు."

ఇరుక్కుపోయాననుకున్నాడు లుద్విక్. సిగ్గుతో కళ్ళు మండాయి. పళ్ళెం మీదికి వంగాడు. వంగి, నోట్లో ఉన్నవన్నీ ఆ కాగితం మీద ఉమ్మేశాడు.

మేకులు జలజలా రాలాయి. పక్కవాడు తన పళ్ళెంలో ఉమ్మేశాడు. తర్వాత వాడి పక్కవాడు. షెడ్డు పొడవునా వడగళ్ళు పడ్డట్టు మోగింది. సుత్తులు దిగాయి. కప్పులేని కార్లు ఒకదాని వెనకొకటి నిలిచిపోయాయి.

గంటలో పోలీసులు వచ్చి లుద్విక్ చేతులు విరిచి కట్టారు.

"ఆపుకోండిరా!" ప్రాట్ పగలబడి నవ్వాడు. "గోడవతల మాకు కప్పులు పడుతూనే ఉన్నాయి. వినండి!"

అందరూ చెవులు రిక్కించారు. గోడ ఒకసారి అదిరింది. రెండో దెబ్బ కోసం ప్రాట్ కూడా ఎదురుచూశాడు. పడలేదు.

లుద్విక్ నోరు ఇప్పుడు ఖాళీగా ఉంది. "గవినో!" అని అరిచాడు. ముప్పై గొంతులు అందుకున్నాయి.

పోలీసులు వాణ్ణి గుమ్మం దాటిస్తుండగా, గోడవతల నుంచి అదే పేరు వినబడింది.