పడవ మునగని సముద్రపు దొంగ

నా సముద్రపు దొంగను పుట్టించడానికి రెండు రోజులు పట్టింది, వాణ్ణి పాడు చేయడానికి మూడు వారాలు పట్టింది.

మాది లోఫోటెన్ అనే చలి దీవుల్లో చిన్న రేవు. ఆదివారం మధ్యాహ్నాలు టోరున్ వంటింట్లో బల్ల చుట్టూ చేరి ఆడతాం. ఒక్కొక్కరం ఒక మనిషిని కల్పించుకుని వాడి నోటితో మాట్లాడతాం. వాడు తలపెట్టిన పని అయ్యిందో లేదో పాచికలు చెప్తాయి. కథ నడిపేది ఇంటామె టోరున్. ఈసారి సముద్రపు దొంగల కథ అనుకోగానే ఎగిరి గంతేశాను. నావాడి పేరు బ్రాంట్. ఎర్ర కోటు, రెండు కత్తులు, తాడు పట్టుకుని ఊగి పక్క ఓడ మీదికి దూకే అలవాటు, నోరు తెరిస్తే గొప్పలు. తుపానులో ఓడ మునిగి అందరూ పోతే తనొక్కడే బతికి బయటపడ్డాడు. ఇదీ వాడి పూర్వకథ.

అప్పుడు గౌటే వస్తానన్నాడు.

గౌటే చిన్నప్పటినుంచీ నా స్నేహితుడు. నాకున్న ప్రాణస్నేహితుడు వాడొక్కడే. కిందటి చలికాలం చేపల వేటలో వాళ్ళ పడవ మునిగింది. వాడు బతికాడు, వాడి అన్న యోస్టైన్ దొరకలేదు. ఆ రోజు గురించి వాడు ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆటకి రావడమూ మానేశాడు. ఏడాది తర్వాత టోరున్‌కి ఫోన్ చేసి కొత్త ఆటకి వస్తానన్నాడట.

"ఏం కథో చెప్పావా?" అని అడిగాను.

"లేదురా ఐనార్. చెప్తే రాడేమోనని భయమేసింది."

"వచ్చి, విని, లేచి వెళ్ళిపోతే?"

"అందుకే నువ్వు కాస్త చూసుకుని రాయి."

ఇక నాకు తిండి సయించలేదు. వాడు ఒకసారి లేచి వెళ్తే మళ్ళీ రాడని నాకు తెలుసు. బ్రాంట్ కథలోంచి తుపాను కొట్టేశాను. మర్నాడు మునిగిన ఓడను కొట్టేశాను. ఆ తర్వాత అసలు ఓడే ఎందుకనిపించింది. చివరికి బ్రాంట్ కొండ మీద సత్రం నడుపుకుంటూ, సముద్రం గాలి పడని మనిషిగా తేలాడు. ఎర్ర కోటు మాత్రం తీసెయ్యడానికి మనసొప్పలేదు.

ఆదివారం గౌటే వచ్చాడు, బూట్లు విప్పి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. బడిలో పాఠాలు చెప్పే లివ్ మా నాలుగో మనిషి. మామూలుగా ఆమె నోరు మూతపడదు. ఆవేళ వాఫిల్ అట్టు మీదికి చీజ్ కూడా చప్పుడు కాకుండా కోసింది. "చలి తగ్గింది కదూ" అంది టోరున్ మెల్లిగా. తగ్గలేదు.

కొత్త కథ మొదలుపెట్టే ముందు మాకో పద్ధతుంది. ఆటలోకి ఏది రాకూడదనుకుంటామో అది చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా మడిచి, ఫ్లాస్కు మూతలో వెయ్యాలి. టోరున్ పైకి చదువుతుంది. ఎవరిదని అడగకూడదు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి వేశాను.

"నీళ్ళలో మునగడం" అని చదివింది టోరున్. అది నాది. రెండోది తీసింది. "తుపాను, పడవ ప్రమాదం." మూడోది తీసేటప్పటికే ఆమె మొహం మాడిపోయింది, తను రాసిందే కాబోలు. "సముద్రంలో చావులు."

తెలివితక్కువవాళ్ళం, ఒకరికి చెప్పకుండా ఒకరం ముగ్గురమూ అదే రాసి కూర్చున్నాం. పేరు పెట్టకపోతే మాత్రం ఎవరి గురించో గౌటేకి తెలీదా? పుండు మీద కారం చల్లామనిపించింది. వాడి వైపు చూసే ధైర్యం లేక పాచికల వైపు చూశాను.

టోరున్ నాలుగోది విప్పింది. "నేను రాగానే మీరు గొంతు తగ్గించడం."

గౌటే లేచాడు. వాడు వెళ్ళి కాఫీ పోసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"నాదే. సముద్రపు దొంగల కథని ఊరంతా అనుకుంటుంటే నాకు తెలీదనుకున్నారా? ఐనార్, నీ దొంగ ఎవడు? చదువు."

చదివాను. సత్రం, కొండ, పడని గాలి.

"వీడికి ఓడ లేదా?"

"లేదు."

"ఈతన్నా వచ్చా?"

"అవసరం రాదు."

"ఒరేయ్, ఇది దొంగ కథ కాదురా, నాకు రాసిన పరామర్శ ఉత్తరం!"

లివ్‌కి నవ్వు వచ్చేసింది, గబుక్కున నోరు నొక్కుకుంది. "నవ్వవే తల్లీ, నేనేం చావలేదులే" అన్నాడు గౌటే. తర్వాత నా వైపు తిరిగాడు. "అసలువాణ్ణి చెప్పు. కత్తి లేనివాణ్ణి నువ్వు ఏనాడు పుట్టించావు?"

చెప్పాను. కోటు, కత్తులు, తాడు అన్నీ చెప్పాను. తుపాను దగ్గరికి వచ్చాను. "ఓడ మునిగిపోయింది. అందరూ పోయారు. వీడొక్కడే బతికాడు."

"ఎలా బతికాడు?"

"అది... ఆలోచించలేదు."

నిజంగానే ఆలోచించలేదు. కోటుకి ఎన్ని బొత్తాలో ఆలోచించాను గానీ ఇది తట్టనే లేదు. సిగ్గేసింది.

గౌటే కప్పు పక్కన పెట్టాడు.

"రాసుకో" అన్నాడు. "చేపల పెట్టె ఒకటి దొరికింది, ఖాళీది. ఇద్దరు పట్టుకుంటే మునుగుతోంది. పక్కనున్నవాడు రెండుసార్లు పట్టుకుని చూశాడు. మూడోసారి పట్టుకోలేదు. చెయ్యి జారలేదు, వాడే వదిలేశాడు. వదిలేసి, 'కాళ్ళు ఆడించడం ఆపకురా వెధవా' అని తిట్టాడు. రాశావా?"

"రాశాను." లివ్ ఏడుస్తోంది. టోరున్ కిటికీ వైపు తిరిగిపోయింది.

"బ్రాంట్ గొప్పలు చెప్పుకునే రకం కదా" అన్నాడు గౌటే. "ఇది కూడా చెప్పుకుంటాడా?"

నాకు తెలిసిందే చెప్పాను. "లేదు. మిగతావన్నీ చెప్పుకుంటాడు. ఇదొక్కటి ఎవరికీ చెప్పడు."

గౌటే మా ముగ్గుర్నీ చూశాడు.

"ఓడలో ముగ్గురికి చెప్పాడని రాయి" అన్నాడు.