ఎడమచేతి మెలిక

అనంతపురం మ్యూజియంలో పాలెగాడి దర్బారు అంగీ ఉన్న అద్దాల పెట్టె తాళం తీస్తూ, గ్యాలరీ బాగోగులు చూసుకునే జయంతి మేడం ముందే హెచ్చరించింది.

"చంకకాడ పట్టు చినిగింది. అతుకు వేసి పో ఓబుళేసన్నా. మీ తమ్ముడి మాట మళ్లీ ఎత్తద్దు. పోలీసులు వచ్చి చూసి పోయినారు."

ఓబుళేసు తలూపాడు. 2003 వేసవిలో, రెండు నెలల కిందట, ఇదే అంగీకి అతుకు వేయడానికి ధర్మవరం నుంచి వచ్చిన తమ్ముడు తిప్పేష్ ఈ గదిలోంచి బయటికి వెళ్లగా ఎవరూ చూడలేదు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గర మిగిలాయి. నేతపనికి కూర్చునేవాడు చెప్పులు విప్పకుండా పోగు ముట్టడు. "కొత్తవి కొనుక్కోని పోయింటాడులేప్పా" అని ఎస్సై నవ్వాడు. మంచంలో ఉన్న నాయన మాత్రం నవ్వలేదు. "వాణ్ణి తోడుకోకుండా ఇంటికి రావద్దు" అన్నాడు.

ఓబుళేసు తన చెప్పులు ఆ జత పక్కనే విడిచి, అంగీ ముందు కూర్చున్నాడు. చిరుగులో తమ్ముడు వేసిన అతుకులు కనిపించాయి. తెగిన పోగుల కొసలు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, అందరూ కుడివైపు మెలిపెడతారు. తిప్పేష్‌ది ఎడమచేతి వాటం. వాడి మెలిక ఎడమవైపు తిరుగుతుంది. చిన్నప్పుడు నాయన ఎన్నిసార్లు కొట్టినా ఆ అలవాటు పోలేదు.

భూతద్దంతో అంచు తిరగేశాడు. అక్కడా ఎడమ మెలికలే. మెడ దగ్గర, చేతుల దగ్గర, ఎవరూ బాగుచెయ్యని చోట కూడా అవే. పట్టుతో పాటే వెలిసిపోయి, రెండు వందల ఏళ్ల నాటివిగా ఉన్నాయి.

"దీన్ని ఎవరు నేసినారు మేడం?"

"పేరు తెలీదన్నా. ఎడమచేతి వాటం సాలెవాడని పాత రాతల్లో ఉండాది. ఊరూ పేరూ చెప్పలేకపోయినాడంట. కాళ్లకు చెప్పుల్లేకుండా వచ్చినాడంట. పాలెగాడు వాణ్ణి మళ్లీ బయటికి పోనీలేదంట."

ఓబుళేసు గుమ్మం దగ్గరున్న తమ్ముడి చెప్పుల వైపు చూశాడు. చేత్తో కొత్త పోగు అందుకుని చిరుగులోని పాత కొసకు మెలిపెట్టాడు.

అవతలి వైపు నుంచి ఎవరో పోగును రెండుసార్లు లాగారు.

ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ముల సైగ అది. నా వైపు అయింది, నువ్వు కానీ, అని. జవాబుగా ఓబుళేసు ఒకసారి లాగాడు. ఒళ్లో ఉన్న, పోగు చుట్టిన కండె తిరగడం మొదలైంది. పోగు పట్టులోకి జారిపోతోంది. అతను బలంగా పట్టి వెనక్కి గుంజాడు. రాలేదు. వేలు కోసుకుపోయింది.

"మిగిలింది కత్తిరించేయన్నా, టైమైతాంది" అంటూ జయంతి కత్తెర చాచింది.

కత్తిరిస్తే తిప్పేష్ అక్కడ ఒంటరివాడైపోతాడు. ఓబుళేసు మరోసారి అంచు చూశాడు. ఎడమ మెలికల పక్కనే ఇప్పుడు కుడి మెలికలు ఉన్నాయి. కొసన తను ఎప్పుడూ వదిలే పొట్టి తోకతో సహా, అవీ వెలిసిపోయి.

కత్తెర అందుకుని పక్కన పెట్టేశాడు.

"మా నాయన అడిగితే చెప్పు మేడం, ఇద్దరం ఒకే మగ్గం మీద ఉండామని."

ఆమె ఏమనుకుందో గాని నవ్వేసి, కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి పెన్ను కోసం వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కండె నేల మీద ఖాళీగా దొర్లుతోంది. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులున్నాయి.